మూడు గిన్నెల పరీక్ష

జులై 19, శుక్రవారం. ఆళ్లగడ్డ ప్రాథమిక పాఠశాల, ఐదో తరగతి గది. మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు.

హాజరైనవారు: ప్రధానోపాధ్యాయురాలు, ఒకప్పుడు ఇదే బడిలో నా దగ్గర చదువుకున్న అమ్మాయి. తల్లిదండ్రుల కమిటీ అధ్యక్షుడు. బజారులో కిరాణా అంగడి ఆయనది, కూతురు నాలుగో తరగతి. కమిటీ సభ్యుడైన దర్జీ, కొడుకు రెండో తరగతి. కమిటీ సభ్యురాలు, పాలకేంద్రం నడుపుతుంది. నేను. నా నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్.

ఆ రోజు డైరీలో రాసుకున్న జాబితా ఇంతే. క్యారియర్‌ను కూడా లెక్కలోకి తీసుకున్నవాణ్ణి, గుమ్మం అవతల కొంగు నడుముకు దోపుకొని నిలబడిన వంటమ్మను రాయలేదు. సమావేశం జరిగిందే ఆమె గురించి.

నాకు డైరీ అలవాటు ఉద్యోగం కన్నా పాతది. వాన పడిందా, బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యం, మధ్యాహ్నం ఏం తిన్నాను, ఎవరెవరు కలిశారు, అన్నీ రాస్తాను. నా భార్య అంటుంది, "మీరు పోయిన దినం గూడా ఎన్నింటికి పోయినారో మీరే రాసిపెట్టి పోతారు" అని. నంద్యాలలో అంగళ్లు నడుపుకునే కుటుంబంలో పుట్టి, అంగడి చూసుకోకుండా బడిపంతులు అయినవాణ్ణి. చిట్టా రాసే బుద్ధి మాత్రం పోలేదు. ఆళ్లగడ్డలో ఈ బడిలో పద్నాలుగేళ్లు చేశాను. రోజూ నంద్యాల నుంచి బస్సులో పోయి, బస్సులో వచ్చాను. నా క్యారియర్ కూడా నాతో పాటు పద్నాలుగేళ్ల సర్వీసు చేసింది.

ఆ సోమవారం ప్రధానోపాధ్యాయురాలు ఫోన్ చేసింది.

"సార్, జూన్‌లో కొత్త వంటమనిషిని పెట్టినాం. కాలనీ ఆమె. ముందు బండల ఫ్యాక్టరీలో పనిచేసి మోకాళ్లు అరగదీసుకున్యాది. ఈ పని దొరికినాకనే కూసోని ఊపిరి తీసుకుంటాండాది. ఇప్పుడు సగం మంది పిల్లోళ్లు ఇండ్ల నుంచి డబ్బాలు తెచ్చుకుంటాండారు."

కాలనీ అంటే ఎస్సీ కాలనీ. ప్రధానోపాధ్యాయురాలు పుట్టిందీ అక్కడే. ఆ మాట ఆమె అనలేదు, నేనూ అడగలేదు.

"ఎందుకని తెచ్చుకుంటాండారు?" అన్నాను, తెలియనట్టు.

"రుచి లేదంట సార్. కులం అని ఎవురూ నోరిప్పరు. రుచి అంటారు. శుక్రవారం కమిటీ కూసుంటాండాది. ఆమెను తీసేయమని తీర్మానం రాస్తారంట."

"నన్నేం చేయమంటావమ్మా?"

"ఏం చేయొద్దు సార్. మధ్యాన్నానికి వొచ్చి పిల్లోళ్లతో పాటు కూసోని రెండు ముద్దలు తినిపోండి. ఊర్లో మీరంటే మర్యాద ఉంది. అంతే సాలు." ఆగి, నవ్వుతూ అంది, "ఉపన్యాసం మాత్రం వద్దు సార్. ఆగస్టు పదైదుకు మీరు అందరూ సమానమని చెప్పేముందల్లా గ్రౌండు ఊడ్చిపెట్టింది మేమే."

నవ్వుతూ అన్నదే, కానీ ఫోన్ పెట్టేశాక అది నా చెవిలోనే ఉండిపోయింది. అలా జరగలేదని రుజువు చేద్దామని బీరువాలోంచి ఆమె చదివిన ఏడాది డైరీ తీశాను. వారానికొకసారి పిల్లల పనుల జాబితా రాసిపెట్టుకునేవాణ్ణి: నీళ్ల బిందె ఎవరు, సుద్దముక్కలు ఎవరు, గంట ఎవరు, ఊడ్పు ఎవరు. నా దస్తూరి గుండ్రంగా, అందంగా ఉంది. ఊడ్పు వరసలో ఏడాది పొడుగునా అవే ఐదు పేర్లు. అందులో రెండోది ఆమెది. నీళ్ల బిందె దగ్గర ఆ ఐదు పేర్లలో ఒక్కటీ లేదు.

బహుశా వాళ్ల ఇళ్లు బడికి దగ్గరేమో, తొందరగా వచ్చేవాళ్లేమో అనుకున్నాను. సరిగ్గా చూద్దామని కాగితం మీద పటం గీశాను. బడికి అన్నిటికంటే దూరం కాలనీయే. పటం చించేశాను. మరుసటి ఏడాది డైరీ తీశాను. దాని తర్వాతిదీ తీశాను. పేర్లు మారాయి, వీధి మారలేదు.

ఇంత తప్పు చేసినవాడు రెండు ముద్దలు తినివస్తే ఏం సరిపోతుంది? ఇంకేదైనా గట్టిగా చెయ్యాలి అనిపించింది. రుచి లేదంటున్నారు కదా, వాళ్ల నాలుకలకే పరీక్ష పెడదాం అనుకున్నాను. మూడు రోజులు ఆ పథకం మీదే ఉన్నాను. జవాబు పత్రాలు గీతలు కొట్టి తయారు చేశాను. చెప్పొద్దూ, రిటైరయ్యాక అంత ఉషారుగా నేను ఏ పనీ చేయలేదు.

శుక్రవారం పొద్దున పదింటికే ఇంట్లో భోంచేసి, ఖాళీ క్యారియర్ పట్టుకొని బస్సెక్కాను. శిరివెళ్ల దాటేవరకూ నాలో నేనే నవ్వుకుంటున్నానని పక్కసీటాయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

బడికి చేరేసరికి పన్నెండు కావస్తోంది. పక్కన శిల్పుల షెడ్డులో ఉలి చప్పుడు వినబడుతోంది. వంటగదిలో గోంగూర పప్పు వాసన. ప్రధానోపాధ్యాయురాలు వరండాలో నా కోసం ఒక ప్లేటు కడిగి పెట్టింది.

"ఇంటికాడ తినేసొచ్చినానమ్మా" అన్నాను.

ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది. నేను పట్టించుకోలేదు. నేరుగా వంటగదిలోకి పోయి వంటమ్మకు క్యారియర్ ఇచ్చాను. "అమ్మా, మూడు గిన్నెల్లో పప్పు పోసియ్యి."

వంటమ్మకు నలభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి, గట్టి చేతులు. క్యారియర్ కేసి, నాకేసి చూసింది.

"ఇంటికి తీసకపోతారా సారూ?"

నేను అవుననలేదు, కాదనలేదు. నవ్వాను.

ఆమె గిన్నెలు మళ్లీ ఒకసారి కడిగింది. కొంగుతో కాదు, ఉతికిన గుడ్డతో తుడిచింది. పప్పు పోసేముందు చిన్న మూకుడులో వెల్లుల్లి, ఎండుమిరపకాయ వేసి కొత్తగా తిరగమాత పెట్టింది. మూడూ నింపాక, నేను అడక్కుండానే నాలుగో గిన్నెలో రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టింది. "ఇది అమ్మగారికి" అంది. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది.

భోజనాలు అయ్యాయి. కిటికీల్లో డబ్బాలు వరసగా కనబడుతున్నాయి. రెండు దాటాక కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు అందరికంటే ముందు తీర్మానం పుస్తకం తన దగ్గరికి లాక్కున్నాడు.

"మాకు కులం గిలం ఏం లేదు సార్" అని నేను అడగకముందే మొదలుపెట్టాడు. "ఇది రుచి సమస్య. పిల్లోళ్లు తింటాండ్లేదు. తినని కూడు ఒండి ఏం లాభం?"

"నిజమే అప్పా" అన్నాను. "అయితే రుచి తెలిసినోళ్లే గదా రుచి గురించి తీర్మానం రాయాల? ముందు మీ నాలుకలకు చిన్న పరీక్ష. నా క్యారియర్లో మూడు గిన్నెలుండాయి. రుచి చూసి పదికి ఎన్ని మార్కులో వేయండి."

ఆ క్యారియర్ ఆళ్లగడ్డలో తెలియనివాళ్లు లేరు. అధ్యక్షుడు చిన్నప్పుడు అంగట్లో కూర్చొని అది రోజూ పోతుంటే చూసినవాడే.

"నంద్యాల నుంచి తెచ్చినారా సార్?"

"క్యారియర్ నంద్యాల నుంచే వొచ్చింది."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అది ఖాళీగా వచ్చిందని చెప్పలేదు, అంతే. గిన్నెల మీద ఒకటి, రెండు, మూడు అని కాగితాలు అంటించి, అన్నం, ప్లేట్లు, జవాబు పత్రాలు ఇచ్చాను. ప్రధానోపాధ్యాయురాలు నాకేసి వింతగా చూసింది. నేను కళ్లతోనే ఊరుకోమన్నాను.

ముగ్గురూ తిన్నారు. అధ్యక్షుడు రెండో గిన్నె దగ్గర కళ్లు మూసుకున్నాడు.

"ఇదీ పప్పంటే! అమ్మగారి చెయ్యి ఇది. మొదటిది ఎవురో కోడలుపిల్ల చేసుంటాది, పర్వాలేదు. మూడోది మాత్రం హోటల్‌ది. కనిపెట్టేసినా!"

పాలకేంద్రం ఆమె మూడోదే మేలంది. దర్జీ మాత్రం గిన్నె మార్చి గిన్నె, నాలుగుసార్లు వడ్డించుకున్నాడు.

"ఏం భాయ్, మార్కులు వేయవా?" అన్నాను.

"తొందరెందుకు సారూ, పేపరు మొత్తం సదవాల గదా" అని అయిదోసారి వడ్డించుకున్నాడు.

పత్రాలు వసూలు చేసి బోర్డు మీద మార్కులు వేశాను. అధ్యక్షుడు: ఆరు, తొమ్మిది, నాలుగు. పాలకేంద్రం ఆమె: అయిదు, అయిదు, ఎనిమిది. దర్జీ: మూడింటికీ పది. సుద్దముక్క కింద పెట్టి, చేతులు దులుపుకొని, ఇన్నాళ్లూ దాచుకున్న మాట బయటపెట్టాను.

"మూడు గిన్నెల్లోదీ ఒకటే పప్పు. ఈ బడి పప్పు. ఈ పొద్దు మన వంటమ్మ చేసిందే."

దర్జీ పగలబడి నవ్వాడు. "సారూ, నేనొక్కణ్ణే పాస్!"

అధ్యక్షుడి ముఖం ఎర్రబడింది. పాలకేంద్రం ఆమె ప్లేటును చేత్తో దూరంగా నెట్టింది. నేను చప్పట్ల కోసం అన్నట్టు గుమ్మం వైపు తిరిగాను. వంటమ్మ ముఖంలో ఆనందం చూద్దామని.

అక్కడ ఆనందం లేదు.

"ఇందుకా సారూ గిన్నెలు అడిగింది?" అంది వంటమ్మ. గొంతు పెద్దది చేయలేదు. "ఇంటికి తీసకపోతాండారని మల్లా తిరగమాత పెట్టినా."

"నువ్వే గెలిచినావు గదమ్మా."

"ఏం గెలిచినా? నేను చేసిందని సెప్పి పెట్టినాక తిని బాగుందంటే, అది గెలుపు. దాచిపెట్టి తినిపిస్తే, నా చెయ్యి మురికని మీరే ఒప్పుకున్యట్ల గదా? నేనేమన్నా దొంగకూడు ఒండినానా?"

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. ఖాళీ ప్లేట్లు చూసింది, మూడు. మళ్లీ నాకేసి చూసింది.

"మరి మీరు తిన్యారా సారూ?"

"నేను... పరీక్ష పెట్టేవాణ్ణి కదా."

"ఇన్నేండ్లు ఈ బడిలో పనిచేసినారంట. యాపొద్దన్నా బడికూడు తిన్యారా?"

తెలియదని అనవచ్చు. మరచిపోయానని అనవచ్చు, నా వయసుకు ఎవరైనా నమ్ముతారు. కానీ డైరీ రాసేవాడికి ఆ సౌకర్యం లేదు. పద్నాలుగేళ్లలో బడి నడిచిన ప్రతి దినం పేజీ కిందిభాగంలో ఒకటే మాట నా గుండ్రటి అక్షరాల్లో ఉంటుంది. మధ్యాహ్నం: క్యారియర్.

"లేదమ్మా" అన్నాను.

అధ్యక్షుడికి సందు దొరికింది. "చూసినారా! తినని మనిషి మాకు తినిపిస్తాడంట. ఇది మోసం సార్. రేపు పొద్దున పేరెంట్లందరూ గేటు కాడికొస్తారు గదా, ఆడనే సంతకాలు తీసుకుంటా. ఆ కాగితం పైకి పంపిస్తా." తీర్మానం పుస్తకం మూసి వెళ్లిపోయాడు.

ముందు ముగ్గురు కూర్చొని మాట్లాడుకునే విషయం, నా తెలివితేటల వల్ల ఊరంతా సంతకాలు పెట్టేదాకా పోయింది. ఆమె పని నిలబెట్టడానికి వచ్చినవాణ్ణి, ఊడగొట్టేందుకు దారి వేసి పెట్టాను.

ప్రధానోపాధ్యాయురాలు బస్టాండుదాకా నాతో నడిచింది. బస్సు వచ్చి నిలబడ్డాక అంది.

"సార్, నేను మిమ్మల్ని అడిగింది ఏంది?"

"వచ్చి తినమన్యావు."

"చేసింది ఏంది?"

బస్సెక్కాను. ఒకప్పుడు ఎక్కాలు అప్పజెప్పలేని పిల్లల్ని నేను ఇలాగే అడిగి నిలబెట్టేవాణ్ణి.

ఇంట్లో జరిగిందంతా భార్యకు చెప్పాను. ఆమె విని, ముందు అడిగిన మాట ఇది: "అయితే అమ్మగారి చెయ్యి అని తొమ్మిది మార్కులు వేసింది నాకు కాదన్నమాట."

"కాదు."

"నా పేరు చెప్పి తినిపిస్తిరి, ఆయమ్మ పేరు దాచిపెడ్తిరి. ఇద్దరికీ మర్యాద లేకపాయె." క్యారియర్ విప్పి నాలుగో గిన్నె చూసింది. వేడన్నంలో ఊరిబిండి కలుపుకొని తినడం మొదలుపెట్టింది. రెండు ముద్దలయ్యాక కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కారానికి. "ఏం నూరింది! నాకిట్ల కుదరదు."

నేనూ ప్లేటు తెచ్చుకొని కూర్చున్నాను. ఆమె గిన్నె తన వైపుకు లాక్కుంది.

"మీరు పరీక్ష పెట్టేవారు గదా. మీకెందుకు?"

గిన్నె ఖాళీ చేసి, కడిగి బోర్లించింది. క్యారియర్ తీసి అటకమీద పెట్టమని నాకే ఇచ్చింది. పెట్టాను.

మరుసటి రోజు శనివారం. మొదటి బస్సుకే బయలుదేరాను. చేతిలో ఏమీ లేకుండా ఆ బస్సెక్కడం అదే మొదటిసారి. దిగేటప్పుడు అలవాటుగా సీటు కింద వెదికాను కూడా.

శనివారం ప్రార్థన కాగానే పిల్లలకు రాగిజావ పోస్తారు. నేను చేరేసరికి గేటు దగ్గర పదిహేనిరవై మంది తల్లిదండ్రులున్నారు. అధ్యక్షుడు స్కూటరు సీటు మీద కాగితం పరిచి సంతకాలు పెట్టిస్తున్నాడు. పాలకేంద్రం ఆమె అప్పటికే పెట్టేసింది. వరండాలో పిల్లలు రెండు వరసలుగా కూర్చున్నారు. మరికొందరు స్తంభాల దగ్గర నిలబడి బిస్కెట్లు తింటున్నారు. వాళ్లలో అధ్యక్షుడి కూతురు కూడా ఉంది.

ప్రధానోపాధ్యాయురాలు కుర్చీ తెప్పించబోయింది. వద్దన్నాను. వరస చివర నేల మీద కూర్చోవడానికి ముందు స్తంభం పట్టుకొని, తర్వాత గోడ పట్టుకొని, చివరికి దభీమని కూలబడ్డాను. పిల్లలు కిలకిల నవ్వారు.

గేటు దగ్గరి నుంచి అధ్యక్షుడు కేకేశాడు. "ఏంది సార్, ఈ పొద్దు ఎవురికి పరీక్ష?"

"నాకే అప్పా" అన్నాను.

వంటమ్మ జావ గిన్నె పట్టుకొని వరస మీద వచ్చింది. నా ముందు ఆగింది. గ్లాసు పట్టుకొని చెయ్యి చాచాను. ఒక క్షణం చూసి పోసింది. గేటు దగ్గరున్నవాళ్లంతా నన్నే చూస్తున్నారని తెలుసు. కండువాతో గ్లాసు పట్టుకొని, చల్లారకముందే తాగేశాను. అంత వేడి పదార్థం నేను జన్మలో తాగలేదు.

దర్జీ తన కొడుకును చేతపట్టుకొని లోపలికొచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నిన్న పాసైనోణ్ణి, పైక్లాసుకు రావాల గదా సారూ" అన్నాడు.

అప్పుడు అధ్యక్షుడి కూతురు మమ్మల్నిద్దర్నీ చూసింది. చేతిలోని బిస్కెట్ పక్క పిల్లకిచ్చి వంటగదిలోకి తుర్రుమంది. బియ్యం డ్రమ్ము వెనక నుంచి ఒక పెద్ద స్టీలు గ్లాసు తీసుకొని వచ్చి, దర్జీ కొడుకు పక్కన కూర్చుంది. వంటమ్మ అడక్కుండానే నిండుగా పోసింది. ఇది ఇద్దరికీ కొత్త సంగతి కాదని చూడగానే తెలిసిపోతోంది.

అధ్యక్షుడు కాగితం పట్టుకొని గబగబా వచ్చాడు. కూతుర్ని లేపుతాడనుకున్నాను. ఆయన చూపు గ్లాసు మీద ఆగిపోయింది. దాని మీద చుక్కలు చుక్కలుగా చెక్కి ఉన్నది ఆయన పేరే.

"ఇది మన గ్లాసు గదా! మీ అమ్మ రెండు వారాలుగా ఇల్లంతా ఎతుకుతాండాది!"

"ఇంటి గ్లాసైతే రెండు మార్లు పోసేంత పడుతుంది నాయనా" అంది ఆ పిల్ల, పైపెదవి మీద జావ మీసంతో. "బడి గ్లాసు చిన్నది."

గేటు దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. స్కూటరు దగ్గర పెన్ను పట్టుకొని నిలబడిన ఒకాయన దాన్ని సీటు మీదే పెట్టి, "నాకు పొలం కాడ పనుంది" అని వెళ్లిపోయాడు. అధ్యక్షుడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చించలేదు. ఇక పంపడని కూడా చెప్పలేదు.

"సాయంత్రం గ్లాసు ఇంటికి తీసకరా" అన్నాడు కూతురితో.

"మంగళారం మల్లా కావాల" అంది ఆ పిల్ల.

ఆయన స్కూటరు స్టార్ట్ చేసుకొని అంగడికి పోయాడు. స్తంభాల దగ్గరి పిల్లల్లో ముగ్గురు వచ్చి వరసలో కూర్చున్నారు. మిగతావాళ్లు బిస్కెట్లే తిన్నారు.

వంటమ్మ మళ్లీ నా దగ్గరికొచ్చింది. "బెల్లం సరిపొయ్యిందా సారూ?"

నిజం చెప్పాలి కదా. "నాలుక కాలిపోయిందమ్మా. రుచి తెలీలేదు."

ఆమె నవ్వింది. నేను చూస్తుండగా ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"అయితే ఇంగో గ్లాసు" అని పోసింది. "ఈసారి నిదానంగా."